కొలత చెక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్ళో ఎవరు ఈ మాట అన్నా ఒప్పుకుంటాను గానీ, మా ఆవిడ అంటే మాత్రం ఇంకాస్త కోపం వస్తుంది. పదిహేనేళ్ళ వయసులో ఆ కోపమే నన్ను తీసుకెళ్ళి రేపల్లె కోర్టులో నిలబెట్టింది. చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒక పడవ తాలూకు కొత్త నైలాన్ వల మిట్టమధ్యాహ్నం ఇసుక మీద ఆరుతూ ఉండగా, చేపల కత్తితో కోసి పారేశాను. అరవయ్యో దశకం చివర్లో సంగతి. అప్పటిదాకా మావాళ్ళవన్నీ నూలు వలలే. నైలాన్ వల వచ్చిందంటే ఊరంతా వచ్చి చేత్తో తడిమి చూసి వెళ్ళారు.

ఆ వల మా అత్తది. అత్త అంటే సొంత మేనత్త కాదు. నిజాంపట్నం పక్కన మా పల్లెలో ఆవిడకో పడవ ఉండేది. మొగుడు పోయాక పడవ అమ్మెయ్యమని అందరూ చెప్పారట. "అమ్మేసి ఏం చెయ్యమంటారు, మీ మొహాలు చూస్తా కూర్చోనా?" అందట. తను సముద్రం మీదికి వెళ్ళేది కాదు. ఒడ్డున నిలబడి పడవ ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో తనే చెప్పేది. మా నాన్న ఆ పడవలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. నాన్న ఆవిడని అక్కా అనేవాడు, అందుకని నాకు అత్త.

ఆ ఏడు వానలకి ముందు అత్త నాన్నని పడవ దింపేసింది. "మోకాలు బాగోలేదుగా తమ్ముడూ, ఇంక ఒడ్డున చేపలు ఎండబెట్టే పని చూసుకో" అని పదిమందిలో చెప్పింది. నాన్న "సరేలే అక్కా" అని ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మోకాలికి ఏ రోగమూ లేదు. పైగా చేపలు ఎండబెట్టడం మా దగ్గర ఆడవాళ్ళ పని. పడవకి చుక్కాని పట్టిన మనిషి ఆడవాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని ఎండుతున్న కవళ్ళ చేపలు తిరగేస్తుంటే, నాతో గోళీలాడే వెధవలందరూ నవ్వారు. వాళ్ళని కొట్టాను. కొట్టినా కోపం తీరలేదు. అత్త చేపల వేలంపాట దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి వల కోశాను.

మామూలుగా అయితే ఈ గొడవ మా పల్లె దాటేది కాదు. ఒకడి వల ఇంకొకడు పాడుచేస్తే, పెద్దలు కూర్చుని పాడుచేసినవాడి చేతే దాన్ని బాగు చేయించడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కానీ ఆ వల జాలర్ల సొసైటీ ద్వారా అప్పు మీద వచ్చింది. సొసైటీ ఆయన పోలీసులకి కాగితం రాసిచ్చాడు. నేను దాచలేదు. "అవును, నేనే కోశా" అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా! "మళ్ళీ కోస్తా" అని కూడా అన్నాను. ఆ రెండో మాటతో కానిస్టేబులుకి నా మీదున్న కాస్త జాలీ పోయింది.

పదిహేనేళ్ళవాణ్ణి పెద్దల జైలుకి పంపరని, పిల్లల జైలుకి పంపుతారని, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా అక్కడే ఉంచుతారని నాన్నకి ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆయనకి అన్నం సహించలేదు. మా పక్క పల్లెలో ఒకడు అక్కడికి వెళ్ళి వచ్చాడు. వెళ్ళక ముందు వాడు ఊరంతా వినపడేలా ఈలలు వేసేవాడు. వచ్చాక ఎవరైనా పిలిస్తే రెండు చేతులూ కట్టుకుని నిలబడేవాడు. కన్నతల్లి పిలిచినా అంతే. నేను పైకి ధైర్యంగా ఉన్నాను గానీ, వాడి చేతులు గుర్తొచ్చినప్పుడల్లా నా చేతులు వెనక్కి పెట్టుకునేవాణ్ణి.

రేపల్లె కోర్టులో మేజిస్ట్రేటు గారు నా వయసు చూసి, మొదటి తప్పు కదా అని, ప్రొబేషన్ మీద వదిలే వీలుందన్నారు. అంటే లోపల పెట్టకుండా, ఒక ఆఫీసరు కనిపెట్టుకుని ఉండగా ఇంటి దగ్గరే బుద్ధిగా బతకనివ్వడం. దానికి పూచీ ఉండేవాళ్ళు కావాలి. నాన్న లేచి నిలబడ్డాడు. "తండ్రివి నువ్వుంటావు సరేనయ్యా. ఊళ్ళో మాట చెల్లే మనిషి ఇంకొకరు కావాలి" అన్నారు మేజిస్ట్రేటు గారు. మావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మళ్ళీ కోస్తానని పోలీసులకే చెప్పినవాడికి ఎవడు పూచీ ఉంటాడు?

సాక్ష్యం చెప్పడానికి వచ్చిన అత్త వెనక బల్ల మీద నుంచి లేచింది.

"అయ్యగారూ, ఒక మాట అడగొచ్చాండీ?"

"అడుగమ్మా."

"ఈణ్ణి తీసుకెళ్ళి లోపలేస్తే నా వల ఎవరు అల్లుతారండీ? గవర్నమెంటు అల్లుద్దా?"

కోర్టంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు గారు నవ్వు ఆపుకుని, "అయితే ఏం చెయ్యమంటావు?" అని అడిగారు.

"కోసినోడే అల్లాలండి. మా దగ్గర అంతేనండి. అల్లిందాకా ఈణ్ణి నేను చూసుకుంటా. పూచీ అంటే వేలిముద్రేగా, రెండు చేతులయ్యీ వేస్తా."

అలా నాకు ఏడాది గడువు పడింది. బడి మానకూడదు. కోసినంత మేరా వల కొత్తగా అల్లి ఇవ్వాలి. నెలకొకసారి తెనాలి వెళ్ళి ప్రొబేషన్ ఆఫీసరు గారికి కనపడాలి. ఈ ఏడాదిలో ఏ తప్పు చేసినట్టు తెలిసినా, పిల్లల జైలే. బయటికి వచ్చాక నాన్న అత్త కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ వెనక్కి జరిగి, "నువ్వు లేవయ్యా. ఒరేయ్ కత్తోడా, పదరా" అంది. అప్పటినుంచి పల్లెలో నా పేరు అదే అయిపోయింది.

రోజూ బడి అయ్యాక అత్త పాకలో కూర్చోవాలి. వెదురు సూదికి దారం చుట్టుకోవడం, ముడి వెయ్యడం, బిగించడం ఆవిడే నేర్పింది. మెల్లిగా నేర్పలేదు. ముడి జారితే నెత్తి మీద మొట్టేది. ఆవిడ మొగుడు వాడిన కొలత చెక్క ఒకటి నా చేతికిచ్చింది. నల్లగా, నున్నగా, చేతుల్లో అరిగిన తాటిచెక్క. దాని చుట్టూ దారం తిప్పి ముడి వేస్తే వల కన్ను ప్రతిదీ ఒకే కొలతకి వస్తుంది. ఆ వల కానాగంత చేపల కోసం. చేప తల దూర్చాక మొప్పల దగ్గర ఇరుక్కోవాలి. కన్ను చిన్నదైతే తల దూరదు, పెద్దదైతే చేప అటునుంచి అటే పోతుంది.

ఇది విన్న మర్నాడే నేను తాటిమట్ట కోసి ఇంకో చెక్క చెక్కాను. అసలుదానికన్నా గోరు మందం వెడల్పు. పొగబెట్టి నల్లగా చేశాను. ఆవిడ వేలంపాటకి వెళ్ళగానే నా చెక్క తీసేవాణ్ణి, వచ్చే వేళకి అసలుది ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. ఆవిడ ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసేదే గానీ, కన్ను కొలిచేది కాదు. కొలత చెక్క తనే ఇచ్చింది కదా, ఇంక కొలిచేదేముంది! మా నాన్నని దింపిన పడవ ఖాళీ వలతో తిరిగి రావాలని నా పంతం. కోర్టు వాళ్ళని, పోలీసుల్ని, అత్తని అందరినీ ఒకేసారి బోల్తా కొట్టిస్తున్నానని లోలోపల మురిసిపోయేవాణ్ణి. దొంగ వెధవని.

ఒకసారి దారం అయిపోతే ఇద్దరం బస్సులో బాపట్ల వెళ్ళాం. దుకాణాయన దారం తూచుతూ, "మీ అబ్బాయాండీ?" అని అడిగాడు. "కాదండి, నా వల కోసినోడు" అంది అత్త, బజారంతా వినపడేలా. ఆయన చేతిలో తక్కెడ అలాగే ఆగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారపు కట్ట నా నెత్తిన పెట్టి, తను మాత్రం చేతులూపుకుంటూ నడిచింది. దారిలో రెండు అరటిపళ్ళు కొని ఒకటి నాకిచ్చింది. తినకూడదనుకున్నాను, కానీ ఆకలేసి తినేశాను.

తెనాలిలో ప్రొబేషన్ ఆఫీసరు గారు ఇంకో రకం మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా ఉండేవారు. రేపల్లె నుంచి రైల్లో వెళ్ళి, స్టేషను నుంచి ఎండలో నడిచి వాళ్ళ గది చేరేసరికి ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు. బడికి వెళ్తున్నావా, వల ఎంతదాకా వచ్చింది అని అడిగి, మొదటి నెలలోనే ఒక విచిత్రమైన ప్రశ్న వేశారు.

"ఈ నెల్లో కోపం ఎన్నిసార్లు వచ్చింది?"

"లెక్కపెట్టలేదండి."

"వచ్చే నెల లెక్కపెట్టుకుని రా. తగ్గించుకోమని చెప్పడం లేదు. లెక్కపెట్టు, చాలు."

ఇదెక్కడి గోలరా బాబూ అనుకున్నాను. కానీ లెక్కపెట్టాను. రెండో నెల ముప్పైనాలుగు. ఆయన నవ్వకుండా రాసుకున్నారు. లెక్క తప్పకూడదంటే కోపం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది ఎన్నోదో గుర్తు పెట్టుకోవాలి. ఆ క్షణంలో సగం కోపం ఎటో పోయేది. మూడో నెల ఇరవై రెండు. కాగితం కింద ఆయన ప్రతిసారీ 'ప్రవర్తన తృప్తికరం' అని రాసి, నాచేత చదివించి, తర్వాత సంతకం పెట్టేవారు. మొదట్లో ఆ మాట చదువుతూ లోపల నవ్వుకునేవాణ్ణి. నాలుగైదు నెలలు పోయాక ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గబగబా చదివేసేవాణ్ణి.

ఎప్పుడు మారానో ఫలానా రోజు అని చెప్పలేను. అయిదో నెలలో ఒకరోజు నా చెక్కకి బదులు అసలుది తీసి అల్లాను, అంతే. చేతికి అదే బాగా ఆనింది. నా చెక్కని పాక చూరులో దోపేశాను. అప్పటికి అల్లిన పన్నెండు బారల వల చుట్టగా చుట్టి కింద ఉంది. దాని కొసకే కొత్తది కలిపి అల్లుకుంటూ పోయాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తెలిస్తే మాత్రం పోయేది వల ఒక్కటే కాదు. పడవ వల మీద కొట్టిన రెండో దెబ్బ అది. ఆఫీసరు గారు ఒక్క ముక్క రాస్తే చాలు, నా చేతులు కూడా పక్క పల్లెవాడి చేతుల్లా కట్టుకోవడం నేర్చుకుంటాయి.

ఏడాది నిండటానికి నాలుగు రోజులుందనగా వల దాదాపు పూర్తయింది. ఆదివారం మధ్యాహ్నం నాన్న పాకలోకి వచ్చి, మడత పెట్టడానికి సాయం చేస్తానని వల మొదటి కొస నుంచి చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన వేళ్ళు కన్ను తర్వాత కన్నులో దూరుతూ వెళ్ళాయి. కాసేపటికి ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఇక్కడిదాకా కన్ను పెద్దదిరా" అన్నాడు.

"లేదు నాన్నా, నీకు సరిగ్గా కనపడట్లేదు" అన్నాను గబుక్కున.

"అదైతే నిజమే. కనపడట్లేదు" అన్నాడు.

తర్వాత వల ఒళ్ళో పెట్టుకుని నిదానంగా చెప్పాడు. ఆయనకి వెలుతురు తగ్గితే చూపు ఆనదు. చాలాకాలం ఎవరికీ చెప్పకుండా దాచాడు. ఒకసారి తెల్లవారకముందు ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ఇసుకమేట కనపడక చుక్కాని తప్పు తిప్పాడు. అయిదుగురు మనుషులతో పడవ బోల్తా పడబోయి తృటిలో బయటపడింది. ఒడ్డుకొచ్చాక అత్త ఆయన్ని ఒక్కణ్ణే పక్కకి పిలిచి అడిగింది. చెప్పేశాడు.

"గుడ్డోడని తెలిస్తే ఇంక నాకెవరూ ఏ పనీ ఇవ్వరక్కా అన్నా. అయితే మోకాలని చెబుదాంలే అంది. అంతేరా జరిగింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. ఆ నెలకి అదొక్కటే కోపం.

"నువ్వడిగావా? కత్తి తీసుకుని పోయావు."

ఆయన ఒళ్ళోంచి వల తీసి చుట్ట చుట్టాను. చివరికి నేనే, "అత్తకి చెప్పేస్తావా?" అని అడిగాను.

"నేనెందుకు చెప్తాను? అల్లింది నేనా?" అని లేచి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు తిండి తినలేదు. చెప్తే తెనాలిలో తెలుస్తుంది, తెనాలిలో తెలిస్తే పద్దెనిమిది నిండేదాకా లోపల. చెప్పకపోతే పన్నెండు బారల దొంగ వల సముద్రంలోకి వెళ్తుంది, ఆ పడవలో మనుషులు వట్టి చేతులతో తిరిగి వస్తారు. ఇదే కదా నేను మొదట కోరుకున్నది! మూడో రోజు పొద్దున అత్త ఎండుచేపలు గంపకి ఎత్తుతుంటే వెళ్ళి, చూరులోంచి తీసిన నా చెక్కనీ, అసలు చెక్కనీ ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. గోరు మందం. పడవ మనిషికి అంతకన్నా చెప్పాలా?

లాగి కొట్టింది. ఆ చేతికున్న ఉప్పు చెంప మీద మండింది.

"నిన్ను నమ్మి కోర్టులో లేచి నిలబడ్డానే! అంతమంది నవ్వితే పడ్డానే! నీకు నేనేం చేశానురా?" అంది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. "పో, నా ఎదురుగా నిలబడకు."

నాలుగో రోజు తెనాలి ప్రయాణం. ఏడాది ముగిసింది కాబట్టి పూచీ ఉన్న మనిషి కూడా రావాలి. రైల్లో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నాతో మాట్లాడలేదు. చెక్కలు రెండూ రొంటిన దోపుకుంది. వాటి కొసలు చీర మడతల్లోంచి కనపడుతూనే ఉన్నాయి. తెనాలి వచ్చిందాకా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఆఫీసరు గారు ఎప్పట్లాగే మంచినీళ్ళిచ్చారు. "కోపం ఎన్ని?" అన్నారు.

"ఒకటేనండి."

"భేష్! ఎవరి మీద?"

నేను తల వంచుకున్నాను. ఆయన నా చెంప వైపు ఒకసారి చూసి, అత్త వైపు తిరిగారు. "ఏమ్మా, ఏడాది అయింది. కుర్రాడు ఎలా ఉన్నాడు? ఏదైనా తప్పు చేశాడా? ఉన్నదున్నట్టు చెప్పాలి, నేను కోర్టుకి రాయాలి."

అత్త చెయ్యి రొంటి మీదికి వెళ్ళింది. చెక్కలు బయటికి తియ్యకుండా చెయ్యి అక్కడే ఉంచింది.

"మావాడికి చెయ్యి ఇంకా కుదరలేదండి" అంది.

ఆఫీసరు గారు కలం ఆపారు. "పోయిన నెల వల అయిపోవచ్చిందన్నాడే?"

"మొదట్లో అల్లింది బాగోలేదండి. అది తీసేసి మళ్ళీ అల్లాలి. ఇంకో ఆరు నెలలు గడువు రాయండి. మావాడు మా దగ్గరే ఉంటాడు."

బాపట్ల బజారులో నా వల కోసినోడు అన్న మనిషి. రెండుసార్లు అంది మావాడని. ఆయన గడువు కోసం కోర్టుకి రాస్తానన్నారు. కాగితం మీద చాలాసేపు ఏదో రాశారు గానీ, ఈసారి నాచేత చదివించలేదు.

తిరిగొచ్చేసరికి ఇంకా పొద్దుంది. అత్త నాన్నని పిలిపించి, పాక ముందు ఇసుకలో వల పరిపించింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను కన్నూ తడుముకుంటూ వచ్చి, ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడిదాకా" అన్నాడు. అత్త తన చేపల కత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"ఈసారి నేను చెప్తన్నా. కొయ్యి."

ఏడాది కింద ఇదే ఇసుకలో, ఇంతకన్నా మంచి వలని, నిమిషంలో కోసినవాణ్ణి. ఇప్పుడు కత్తి దారానికి ఆనించి ఉంచాను, చెయ్యి ముందుకి పోలేదు. ఆ ముడులన్నీ నేను వేసినవే. ఏడుపు ఆగలేదు. ఏడుస్తున్నానని సిగ్గుపడాలని కూడా తోచలేదు.

వాళ్ళిద్దరూ నన్ను తొందరపెట్టలేదు. నేను కోసేచోట వల కదలకుండా నాన్న ఒకవైపు, అత్త ఒకవైపు పట్టుకుని కూర్చున్నారు.